సంఖ్యాబలము లేని మంత్రివర్గము



ఈ సాయంకాలము మీతో నొక లెక్కను గూర్చి ముచ్చటింపదలచినాను. 375లో సగము దాటవలె నన్నచో 188 కావలెను. 152 చాలదు. ఈ మాట పలక పట్టిన బాలుడును చెప్పగలడు. అయినను 1952వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన, 375 స్థానములు గల చెన్నరాష్ట్ర శాసనసభలో 152 స్థానములు మాత్రమే గెలిచిన పక్షము మంత్రివర్గము నేర్పరచినది. అది చట్టవిరుద్ధము కాదు. అది ఒక్క దినములో కూలిపోనును లేదు. అప్పటి చెన్నరాష్ట్రములో మన సర్కారు జిల్లాలును రాయలసీమయును చేరియుండెను గనుక, ఆ లెక్క మన తాతతండ్రులు వేసిన వోట్ల లెక్కయే. ఆ మంత్రివర్గము ఎట్లేర్పడినది, ఎట్లు నిలిచినది, దానివలన మనము తెలిసికొనదగిన దేమి యని విచారింతము.

మొదట విషయమును మన ఊరి రచ్చబండకు తెచ్చుకొందము. చెరువుకట్ట బాగుచేయుటకై ఊరివారు పదిమంది పెద్దల నెన్నుకొని రనుకొనుడు. అందు నలుగురు ఒక మాటమీద నుందురు. ముగ్గురు వేరొక మాట, తక్కిన ముగ్గురు ఇంకొక మాట. ఎవరికిని ఆరుగురు లేరు. కట్ట మాత్రము తెగుటకు సిద్ధముగా నున్నది. అప్పుడు పని యెవరు చేయింపవలెను? నలుగురున్న వారే పెద్ద గుంపు గనుక వారే చేయింపవలె నని కొందరందురు. ముగ్గురును ముగ్గురును కలిసినచో ఆరుగురు గనుక వారిదే అధికార మని మరికొందరందురు. రెండు మాటలును న్యాయముగనే తోచును. రాజ్యములందును ఇట్టి చిక్కే వచ్చును. శాసనసభలో సగముకంటె తక్కువ బలముతో పాలనకు పూనుకొన్న దానినే అల్పసంఖ్యాక మంత్రివర్గ మందురు.

చెన్నరాష్ట్రమున ఇట్టి మంత్రివర్గము 1952లోనే క్రొత్తగా పుట్టినది కాదు. 1937లో ఒక విచిత్రమైన ఉదాహరణము కలదు. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో, 1935వ సంవత్సరపు చట్టము ననుసరించి ఎన్నికలు జరిగెను. నాడు వోటుహక్కు అందరికిని లేదు. ఆస్తియో పన్నో చదువో ఉన్నవారికే కలదు. శాసనసభలోని 215 స్థానములలో కాంగ్రెసు 159 గెలిచినది. బొబ్బిలి రాజావారంతటి వారే వి. వి. గిరిగారి చేతిలో నోడిపోయిరి. సంఖ్యాబలమునకు కొదువ లేదు. కాని గవర్నరునకు చట్టము ప్రత్యేకాధికారములు కొన్ని యిచ్చియుండెను. వానిని మంత్రుల పనిలో జోక్యము కలిగించుకొనుటకు వాడ నని మాట యిచ్చిననే పదవి స్వీకరింతు మని కాంగ్రెసువారు పట్టుబట్టిరి. గవర్నరు ఎర్స్కిను ప్రభువు ఆ మాట ఇయ్యలేదు. కాంగ్రెసుపక్ష నాయకులైన చక్రవర్తుల రాజగోపాలాచారిగారు మంత్రివర్గము నేర్పరచుటకు నిరాకరించిరి.

అప్పుడు గవర్నరు కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారిని పిలిచెను. వా రాంధ్రులు, న్యాయవాదులు, దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా పనిచేసినవారు, అంతకు ముందటి యేడు కొన్ని నెలలు తాత్కాలిక గవర్నరుగా నుండినవారు. యోగ్యతకు లోపము లేదు. వారి నాయకత్వమున 1937 ఏప్రిల్ 1న తాత్కాలిక మంత్రివర్గ మేర్పడినది. కాని శాసనసభలో దాని వెనుక నిలుచు బలము లేదు. అందుచేత ఆ మంత్రివర్గమున్న మూడున్నర నెలలలో శాసనసభ సమావేశమే కాలేదు. మంత్రులు కచేరీలో కాగితములపై సంతకములు చేసిరి గాని ప్రజాప్రతినిధుల యెదుట నిలిచి ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేదు. కాంగ్రెసు గెలిచిన ఇతర రాష్ట్రములందును ఆ నాళ్ళలో ఇట్టి తాత్కాలిక మంత్రివర్గములే యేర్పడెను. ఒరిస్సాలో పర్లాకిమిడి మహారాజావారు పదవి వహించిరి. పిమ్మట వైస్రాయి కొంత ఊరట కలుగు ప్రకటన చేయగా కాంగ్రెసు సమ్మతించినది. జూలై 14వ తేదీన రాజగోపాలాచారిగారు ప్రధానమంత్రి యైరి. మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఆ మంత్రివర్గములో రెవెన్యూమంత్రి యైరి.

ఈ రెండు పేర్లును జ్ఞాపకముంచుకొనుడు. పదునైదేండ్లు గడచునప్పటికి ఈ యిరువురును ఎదురెదురుగా నిలువవలసి వచ్చినది. నాడు బలముండియు పదవి వలదన్న రాజగోపాలాచారిగారే, బలము చాలకయే పదవి స్వీకరింపవలసి వచ్చినది.

ఇక 1952. స్వతంత్ర భారతమున వయోజనులందరికిని వోటుహక్కు లభించిన తొలి ఎన్నికలవి. ఇరువదియొక యేండ్లు నిండిన ప్రతి స్త్రీయు, ప్రతి పురుషుడును, ఆస్తి యున్నను లేకున్నను, చదువు వచ్చినను రాకున్నను, వోటరే. చెన్నరాష్ట్రమున 309 నియోజకవర్గములనుండి 375 మంది సభ్యుల నెన్నుకొనవలెను. 66 నియోజకవర్గములు ఇద్దరేసి సభ్యుల నెన్నుకొనునవి. వానిలో ఒక్కొక్క స్థానము షెడ్యూల్డు కులములకో తెగలకో ప్రత్యేకింపబడినది. అక్షరములు రానివారికి ఇబ్బంది కలుగకుండుటకై ఒక్కొక్క అభ్యర్థికి వేరువేరుగా పెట్టెలుంచి, వానిపై గుర్తు లంటించిరి. కాంగ్రెసువారిది కాడి కట్టిన జోడెడ్ల గుర్తు. ప్రకాశం పంతులుగారి కిసాన్ మజ్దూర్ ప్రజాపక్షమునది గుడిసె. కమ్యూనిస్టులది కంకి కొడవలి. వోటరు చాటునకు పోయి తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో చీటి వేసి వచ్చెడివాడు. రాజుకును కూలికిని చీటి యొక్కటే.

ఆ చీట్లను లెక్కించిన పిమ్మట తేలిన ఫలితము పెద్దల కనేకులకు దిగ్భ్రమ కలిగించినది. కాంగ్రెసునకు 152 స్థానములు. కమ్యూనిస్టులకు 62. ప్రజాపక్షమునకు 35. తమిళనాడు శ్రామికపక్షమునకు 19. ఆచార్య రంగాగారి కృషికార్ లోక్ పక్షమునకు 15. సోషలిస్టులకు 13. కామన్‌వీల్ పక్షమునకు 6. ముస్లిం లీగునకు 5. ఏ పక్షమునకును చెందని స్వతంత్రులు 62 మంది. తక్కిన కొద్ది స్థానములు ఇతరులకు. ముఖ్యమంత్రిగా నున్న కుమారస్వామి రాజాగారు స్వయముగా నోడిపోయిరి. మన బెజవాడ గోపాలరెడ్డిగారు, కళా వెంకటరావుగారు నోడిపోయిరి. స్వరాజ్యము తెచ్చిన పక్షమునకు ఐదేండ్లు తిరుగక మునుపే ఈ గతి పట్టినది. ఆహారపు కొరత, ధాన్యపు కంట్రోళ్ళు, పక్షములోని కలహములు, మన ప్రాంతమున ఆంధ్రరాష్ట్రము రాలేదన్న అసంతృప్తి, ఇవి యన్నియు ఆ పెట్టెలలో చీట్లై పడినవి. ఇల్లు అలుకగానే పండుగ కాదు. స్వరాజ్యము రాగానే పాలకుల పని ముగియలేదని వోటరు చెప్పినాడు.

ఓడిన దెవరో స్పష్టమే. గెలిచిన దెవరు? కాంగ్రెసునకు సగమునకు 36 స్థానములు తక్కువ. కాంగ్రెసేతర పక్షములు కొన్ని కలిసి ఐక్య ప్రజాస్వామ్య సంఘటనగా నేర్పడి ప్రకాశం పంతులుగారిని నాయకునిగా నెన్నుకొనెను. తమకు 166 మంది కలరని వారు చెప్పిరి. ఆ సంఖ్య కాంగ్రెసుదాని కంటె పెద్దదే; కాని 188కి ఇరువది రెండు తక్కువ.

కాంగ్రెసు తరపువారి వాద మిది: వోటరుల యెదుట ఒక్క పేరుతో నిలిచి ఎక్కువ స్థానములు తెచ్చుకొన్నది మేము, ఎన్నికల పిమ్మట కట్టిన గుంపును ప్రజ లెన్నడు నెన్నుకొనలేదు. సంఘటనవారి వాద మిది: ప్రజలలో ఎక్కువమంది కాంగ్రెసు వలదనిరి, వలదన్న వారందరి ప్రతినిధులు కలిసినచో పాలించు హక్కు వారిదే. రచ్చబండ దగ్గరి చిక్కే ఇక్కడను వచ్చినది.

నాటి గవర్నరు శ్రీప్రకాశగారు ఆ మార్చిలోనే పదవిలోనికి వచ్చినవారు. వారు పెద్ద పక్షమును పిలుచుటకు నిశ్చయించిరి. కాంగ్రెసువారికి నాయకుడు కావలెను. గవర్నరు జనరలుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న రాజగోపాలాచారిగారిని బ్రతిమాలి తెచ్చిరి. వారు ఎన్నికలలో నిలిచినవారు కారు. గవర్నరు వారిని శాసనమండలికి నామినేటు చేసెను. అనగా ఒక్క వోటరు చీటియు లేకయే, బలము చాలని పక్షమునకు నాయకులై వారు ముఖ్యమంత్రి యైరి. ఇది న్యాయమా యని కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తిగారు చెన్నపురి హైకోర్టులో దావా వేసిరి. న్యాయస్థానము ఆ అర్జీని త్రోసివేసినది. చట్టము ప్రకారము తప్పు లేదని తేలినది. కాని చట్టమునకు తప్పు లేనంత మాత్రమున మనస్సునకు కొరత తీరునా యన్నది వేరు ప్రశ్న.

నే నీ విషయము చదువ నారంభించినపుడు గవర్నరు చేసిన దన్యాయమనియే తలచితిని. ఆంధ్రుడను గనుక నా మనస్సు సహజముగా ప్రకాశం పంతులుగారి వైపు మొగ్గినది. కాని లెక్కలు ముందుంచుకొని తిరిగి యోజింపగా నా అభిప్రాయము కొంత మారినది. ఇరుపక్షముల బలమును సగమునకు తక్కువైనపుడు, గవర్నరు ఎవరిని పిలిచినను రెండవవారికి నొప్పి తప్పదు. పిలువబడినవా డెవ డన్నది చిన్న ప్రశ్న. పిలువబడినవాడు సభ యెదుటికి ఎంత త్వరగా పోయి, తన బలమెంతో చూపె నన్నది పెద్ద ప్రశ్న.

ఆ ప్రశ్నకు 1952 ఇచ్చిన సమాధానములో మంచియు కలదు, కొరతయు కలదు. మంచి యేమన, 1937లోని మంత్రివర్గమువలె ఇది సభను తప్పించుకొని తిరుగలేదు. జూలై 3వ తేదీన విశ్వాసతీర్మానము పెట్టినది. అనుకూలముగా 200 మంది, ప్రతికూలముగా 151 మంది వోటు చేసిరి. 152 స్థానముల పక్షము 200 వోట్లు పొందినది. కొరత యేమన, ఏప్రిల్ 10 మొదలు జూలై 3 వరకు 84 దినములు గడచినవి. ఆ దినములలో బయటివారి మద్దతు కూడదీయబడినది. కామన్‌వీల్ పక్ష నాయకుడు మాణిక్యవేలు నాయకరుగారు మంత్రి యైరి. శ్రామికపక్షము వెలుపలనుండి తోడ్పడినది. ముస్లిం లీగువారును, స్వతంత్రులలో అనేకులును ప్రభుత్వము వైపునకు వచ్చిరి. వారిలో కొందరు దేశహితము తలచి వచ్చియుందురు. ప్రభుత్వము లేక రాష్ట్రము నడువదని, మరల ఎన్నికల ఖర్చు ప్రజలు భరింపలేరని తలచినవారు ఉందురు. కాని ఏ ఎండకా గొడుగు పట్టువారును ఉండకపోరు. వోటరు గుడిసె గుర్తు పెట్టెలో వేసిన చీటి జోడెడ్ల లెక్కలో తేలినచో, ఆ వోటరు నడిగి చేసిన దెవరు? ఈ ప్రశ్న నాకు ఆ 200 అన్న సంఖ్యకంటె బరువుగా తోచుచున్నది.

ఇక అట్టి మంత్రివర్గము పాలించు రీతి యెట్టిది? ఏరు దాటు బండివలె ప్రతి అడుగునకు నేల తడవి చూచుకొనవలెను. అందు ఒక మేలును కలదు. నిండు బలమున్న మంత్రివర్గము ఎవరి మాటయు వినకున్నను సాగిపోగలదు. బలము తక్కువైనది పొరుగువాని మాట వినక తప్పదు. దీనికి దృష్టాంతము రాజగోపాలాచారిగారి ప్రాథమిక విద్యాపథకము. 1953లో వారు గ్రామములందలి పాఠశాలలలో పిల్లల చదువు దినమునకు మూడు గంటలకు తగ్గించి, మిగిలిన కాలము ఇంటి వృత్తి నేర్చుకొనవలె నని యేర్పరచిరి. కుమ్మరి బిడ్డ కుమ్మరిగనే, చాకలి బిడ్డ చాకలిగనే నిలిచిపోవునట్లు చేయు పథక మిది యని రాష్ట్రమంతట ఆందోళన చెలరేగినది. ఆ జూలై మాసమున సభలో దానిని విడిచిపెట్టవలె నన్న తీర్మానముపై వోట్లు తీయగా ఇటు 138, అటు 138 వచ్చినవి. పిమ్మట పథకమును నిలిపి నిపుణుల సంఘమునకు ఒప్పగింపవలె నన్న తీర్మానము 139కి 137 వోట్లతో నెగ్గినది. రెండు వోట్ల తేడాతో పల్లెపిల్లల చదువు మరల సభ విచారణకు వచ్చినది. 1954లో రాజగోపాలాచారిగారు పదవి విడువగా, వారి వెనుక వచ్చిన కామరాజు నాడారుగారు ఆ పథకమును తీసివేసిరి. నిండు బలముతో నున్న మంత్రివర్గమే యైనచో ఆ పథకము అంత త్వరగా ఆగియుండునా యని నాకు సందేహము.

ఆ 1952 ఎన్నికల కథ చెన్నపురిలోనే ముగియలేదు. పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రముకొరకు నిరాహారదీక్ష పూని 1952 డిసెంబరు 15న ప్రాణము లర్పించిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. క్రొత్త ఎన్నికలు జరుగలేదు. 1952లో మన జిల్లాలు ఎన్నుకొన్న 140 మంది సభ్యులే క్రొత్త రాష్ట్రమునకు శాసనసభ యైరి. అందును ఏ పక్షమునకును సగము బలము లేదు. అప్పుడు ప్రకాశం పంతులుగారు తమ పక్షమును వీడి, కాంగ్రెసు తోడ్పాటుతో ముఖ్యమంత్రి యైరి. చెన్నపురిలో దొరకని పదవి కర్నూలులో దొరకినది. కాని అదియు పలువురి భుజములపై మోయబడిన పల్లకియే. ఒక్క బోయ తప్పుకొన్నను పల్లకి క్రింద పడును.

1954లో మద్యనిషేధమును గూర్చిన వివాదము పెరిగినది. గీతకార్మికుల జీవనము పోయినదని గౌతు లచ్చన్నగారు వారి పక్షమున ఉద్యమము నడిపిరి. నవంబరులో సభలో అవిశ్వాసతీర్మానము వచ్చినది. ఒకే ఒక్క వోటు తేడాతో మంత్రివర్గ మోడిపోయినది. ఆంధ్రకేసరి యని జనులు పిలిచిన ఆ వృద్ధనాయకుని ప్రభుత్వము ఒక్క వోటుతో కూలినది. పిమ్మట రాష్ట్రపతి పాలన వచ్చినది. 1955లో ఎన్నికలు జరిగెను. కాంగ్రెసును దానితో చేరిన పక్షములును కలిసి, ఎన్నికలకు మునుపే వోటరులకు చెప్పి యొక్కటిగా నిలిచి, 196 స్థానములలో 146 గెలిచినవి. మునుపు చెప్పి కలియుటకును పిమ్మట కలియుటకును గల భేద మిచ్చట చూడదగినది.

ఈ మూడు మంత్రివర్గములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. 1937లోనిది సభ ముఖము చూడకయే పోయినది. 1952లోనిది ఆలస్యముగా నైనను సభకు పోయి నెగ్గినది. 1954లోనిది సభకు పోయి ఒక్క వోటుతో నోడినది. నెగ్గినదానికంటెను, ఓడినదానికంటెను, సభకే పోనిది తక్కువ గౌరవము గలదని నా అభిప్రాయము. పంతులుగారి ఓటమి ఓటమియే. కాని పదిమంది చూచుచుండగా, తలలు లెక్కించి చెప్పిన ఓటమి. అందులో అవమానము లేదు.

దేశముకూడ ఈ పాఠమును నెమ్మదిగా నేర్చుకొన్నది. సభ్యులు తాము గెలిచిన పక్షమును విడిచి వేరొక పక్షమున చేరినచో సభ్యత్వము పోవునట్లు 1985లో రాజ్యాంగమును సవరించిరి. 1994 మార్చి 11న, బొమ్మైగారి వ్యాజ్యమున, తొమ్మిదిమంది న్యాయమూర్తులు గల సుప్రీముకోర్టు ధర్మాసనము తీర్పు చెప్పినది. మంత్రివర్గమునకు బలమున్నదా లేదా యన్నది గవర్నరు తన మనస్సులో తేల్చుకొనవలసినది కాదు, శాసనసభలోనే తేలవలె నని అందలి ముఖ్యాంశము. నలుబదిరెండేండ్ల క్రిందట చెన్నపురిలో తలయెత్తిన ప్రశ్నకు అది స్పష్టమైన జవాబు.

చట్టములు వచ్చినవి గనుక మన పని తీరినదా? తీరలేదు. సభలో తలలు లెక్కించువరకు గడచు దినములే ప్రమాదము గలవి. ఆ దినములలో మన ప్రతినిధి ఎక్కడ నున్నాడో, ఎవరితో నున్నాడో, ఏమి మాట యిచ్చుచున్నాడో మనకు తెలియదు. ఓడ ఎక్కువరకు ఓడమల్లయ్య, ఓడ దిగినపిమ్మట బోడిమల్లయ్య యన్న సామెత మన పెద్దలు ఊరకనే చెప్పలేదు.

కావున గ్రామపెద్దలకు నా మనవి యొక్కటే. వోటు అడుగ వచ్చినవానిని రోడ్డు వేయింతువా, బావి త్రవ్వింతువా యని మాత్రమే అడుగకుడు. నీ పక్షమునకు సగము బలము రానిచో నీవు ఎవరితో కలియుదువు, ఎవరితో కలియవు, ఇప్పుడే పదిమందిలో చెప్పు మని యడుగుడు. చెప్పినమాట గుర్తుంచుకొనుడు. అతడు పిమ్మట వేరొక దారి త్రొక్కినచో, ఊరికి వచ్చి కారణము చెప్పు మని పిలువుడు. కారణము మంచిదైనచో మన్నింపుడు. కాదైనచో మరుసటి ఎన్నికలో లెక్క తీర్చుడు.

సంఖ్యాబలము లేని మంత్రివర్గము పాపము కాదు. ప్రజల మనస్సు పలువిధముల చీలినపుడు అది తప్పక వచ్చును. ఇంట అన్నదమ్ము లొకమాటపై లేనపుడును పొయ్యిమీద ఎసరు పెట్టక తప్పదు గదా. కాని ఆ ఎసరు ఎవరి బియ్యముతో నిండుచున్నదో ఇంటివారందరికిని తెలియవలెను. బలము తక్కువైన ప్రభుత్వము వెలుతురులో నిలిచి పాలించినచో అది గౌరవముగల ప్రభుత్వమే. చీకటిలో బలము కూర్చుకొన్నచో, ఎంత పెద్ద సంఖ్య చూపినను దానిని నమ్మరాదు.